రెండు వైపులా వేర్వేరు డిజైన్‌తో మెత్త గలీబులు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను, వెనక వైపుతోనే తలనొప్పి

గడియారం_సెంటర్_టైలర్ (నల్లగొండ)

అందరికీ నమస్తే. నల్లగొండలో గడియారం సెంటర్‌కు దగ్గర్లో ఇంట్లోనే మిషన్ పెట్టుకుని 14 ఏళ్లుగా జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుడుతున్నాను. పెళ్లిళ్ల సీజన్‌లో ఊపిరాడదు, ఆషాఢం వస్తే ఈగలు తోలుకోవడమే. ఆ ఖాళీ రోజుల కోసం మొదలుపెట్టిన పని ఇది. దిండు అనేవాళ్లకు ముందే చెబుతున్నాను, మా దిక్కు మెత్త అంటాం, దాని తొడుగు గలీబు. ఆన్‌లైన్‌లో మాత్రం కుషన్ కవర్ అని రాయకపోతే ఎవరికీ కనపడదు, అది వేరే సంగతి.

ఆలోచన మా అమ్మాయిది. డిగ్రీ చదువుతోంది, ట్యాబ్‌లో బొమ్మలు వేస్తుంది. సోఫా మీద వేసుకునే 16 అంగుళాల మెత్త, ఒక వైపు ఒక డిజైన్, తిప్పితే ఇంకొకటి. "ఒకటి కొంటే రెండు కొన్నట్టు మమ్మీ" అంది. వినడానికి బాగానే ఉంది. మిషన్ మీద కూర్చున్నాక తెలిసింది, ఒకటి కుడితే రెండు కుట్టినంత పని అని.

ఇప్పటికి రెండు రకాలు చేశాను. మొదటిది, ముందు వైపు పోచంపల్లి చిటికి (ఇకత్) కాటన్, వెనక వైపు మామూలు ఎర్ర మిల్లు బట్ట. రెండోది అమ్మాయి వేసిన బొమ్మలు. ఒక వైపు తంగేడు పూలు, ఇంకో వైపు గునుగు. తెల్ల కాటన్ తాను కొని హైదరాబాద్‌లో ఒక షాపులో ప్రింటు వేయించాం. మొత్తం 12 అమ్మాను, అయిదింటి మీద ఫిర్యాదులు. ఇద్దరికి వెనక ఎర్ర బట్ట చూసి కోపం వచ్చింది, "బట్ట చాలక వేరే ముక్క అతికి పంపారు" అని రాశారు. ఒకాయన ఫొటోలో రెండు మెత్తలు ఉన్నాయి, ఒకటే వచ్చింది అన్నాడు (ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి పక్కపక్కన పెట్టి ఫొటో తీశాం, అదీ మా తెలివి). ఒకామె ఉతికాక ముందు వైపు ముడుచుకుపోయి వెనక వైపు సంచిలా వేలాడుతోందని ఫొటో పెట్టి ఒక్క స్టార్ ఇచ్చింది. అయిదోది తంగేడు పూల గలీబు. రెండు ఉతుకులకే పసుపు పోయి పాత కాగితంలా అయింది. షాపువాళ్లను అడిగితే "ఉతకకూడదమ్మా, డెకరేషన్‌ది కదా" అన్నారు. ఇంట్లో వాడే మెత్తను ఉతక్కుండా ఎవరుంటారు?

ఇవన్నీ ఒక ఎత్తు. మొన్న మా అత్తమ్మ టీవీ చూస్తూ మెత్తను తిప్పి వేసుకుంది. గునుగు పూలన్నీ తలకిందులుగా వేలాడుతున్నాయి. "ఇవేం పూలే, గబ్బిలాల్లా" అంది. అమ్మాయి ఆ రోజంతా మాట్లాడలేదు.

నా ప్రశ్న ఇది. వెనక వైపు ఏం పెట్టాలి, ఎలా పెట్టాలి? రెండు బట్టలు ఉతికినా ఒకేలా ఉండాలంటే ఏం చేయాలి? తలకిందుల సమస్య డిజైన్‌లోనే పోతుందా, కుట్టులో పోతుందా? జిప్పు ఎక్కడ వేయాలి? ఒక్కో గలీబుకు ఖర్చు లెక్క కూడా రాస్తున్నాను. చిటికి బట్ట మీటరు 280 పడింది. 44 అంగుళాల పన్నా (వెడల్పు) బట్టలో మీటరుకు 17 అంగుళాల ముక్కలు నాలుగు వస్తాయి, అంటే ముక్కకు 70. వెనక బట్ట 30, అస్తరు 20, జిప్పు రన్నరుతో 12, దారం పైపింగు 13, ప్యాకింగు 10. మొత్తం 155. నా కూలి 60 వేసుకున్నాను. 349కి పెట్టాను, కమీషను, కొరియరు పోను కూలి కూడా మిగలడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.


పుట్టపాక_మగ్గం

అక్కా, నేను నేత కుటుంబంవాణ్ణే. మీ మొదటి రకం గురించి మాత్రం చెబుతాను, ప్రింటు సంగతి నాకు తెలియదు.

ముందు ఒక మాట. చిటికి బట్టకు ముందు వైపు, వెనక వైపు అని ఉండవు. బట్ట నేశాక వేసే రంగు కాదు ఇది. రంగు తగలకూడని చోట నూలును గట్టిగా కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ ఇంకోచోట కట్టి ఇంకో రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తాం. పోగు లోపలిదాకా రంగు ఉంటుంది కాబట్టి ఎటు చూసినా ఒకటే బొమ్మ. పేక (అడ్డం పోగులు) మీద బొమ్మ కుదరాలంటే ముందు ఆసు పోయాలి, అంటే ఒక్కో పోగును మేకుల చుట్టూ చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి తిరగాలి. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారు వాళ్ల అమ్మ భుజం నొప్పి చూడలేకనే ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇదంతా ఎందుకంటున్నానంటే, అంత కష్టపడి రెండు వైపులా వచ్చేలా నేసిన బట్టను మీరు ఒక వైపే వాడి, వెనక మిల్లు బట్ట వేస్తే, కొన్నవాళ్లకు అతుకు లాగే అనిపిస్తుంది. వాళ్ల తప్పు లేదు.

వెనక వైపు కూడా చేనేతే వేయండి, కానీ వేరే గొంతుతో మాట్లాడేది. ముందు పెద్ద చిటికి డిజైన్ ఉంటే వెనక నారాయణపేట చిన్న గళ్లు, లేదా ముందు డిజైన్‌లోని ఒక రంగు తీసుకుని సాదా చేనేత. ఆ ఒక్క రంగు కలిస్తే చాలు, చూసినవాళ్లకు కావాలనే పెట్టారని తెలుస్తుంది. మీది ఎరుపు అన్నారు, చిటికి బట్టలో ఎరుపు ఉందా? లేకపోతే అదే మీ మొదటి తప్పు.

ఇక ముడుచుకుపోయేది. మగ్గం మీద పడుగు (నిలువు పోగులు) బిగించి ఉంటుంది, నీళ్లు తగలగానే ఆ బిగువు వదులుతుంది. అందుకే మామూలుగా పడుగు వైపు ఎక్కువ కుంచించుకుంటుంది, పేక వైపు తక్కువ. మిల్లు బట్టలో పాలిస్టర్ కలిసి ఉంటే అది కదలనే కదలదు. ఒకటి ముడుచుకుని ఇంకొకటి ముడుచుకోకపోతే సంచి కాక ఏమవుతుంది! కత్తిరించే ముందు రెండు బట్టల్లోంచి కొలిచి 10 అంగుళాల చదరాలు కోయండి. అంచు నూలు ఊడకుండా ఓవర్‌లాక్ చేయండి. ఉతికి ఆరేసి ఇస్త్రీ చేసి మళ్లీ కొలవండి. ఒకటి తొమ్మిదిన్నర అయ్యి ఇంకొకటి పదే ఉంటే, 16 మీద ముప్పావు అంగుళానికి పైనే తేడా వచ్చినట్టే. అప్పుడు తానును తానుగానే రాత్రంతా నీళ్లలో నానబెట్టి నీడలో ఆరేసి, అప్పుడు కోయండి. రెండు వైపులా పడుగు నిలువుగానే రావాలి. బట్ట మిగిల్చుకుందామని వెనక ముక్కను అడ్డంగా కోస్తే మళ్లీ అదే కథ.

ఎరుపు, నలుపు ఉన్న బట్టను తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే పక్కన తెల్ల బట్ట పెట్టకండి.

ఇంకోటి, కోపం తెచ్చుకోకండి. మీ అమ్మాయి ప్రింటు గలీబుల్లో ఎప్పుడైనా చిటికి లాంటి డిజైన్ వేస్తే దానికి పోచంపల్లి ఇకత్ అని పేరు పెట్టకండి. అది భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉన్న పేరు, అంటే ఆ ప్రాంతంలో నేసినదానికే పెట్టుకోవాలి. మా తేలియా రుమాలు అనే చిటికి గుడ్డకు కూడా 2020లో ఆ గుర్తింపు వచ్చింది. ప్రింటు చీరలకు మా ఊళ్ల పేర్లు పెట్టి అమ్మేవాళ్లతోనే మాకు సగం దెబ్బ. ఇకత్ లాంటి ప్రింటు అని రాసుకోండి, ఎవరూ కాదనరు.


గడియారం_సెంటర్_టైలర్ (నల్లగొండ)

తమ్ముడూ, కోపం ఎందుకు, మంచి మాటే చెప్పావు. ఇప్పుడే బట్ట తీసి చూశాను. నీలం, తెలుపు, ఆవాల రంగు. ఎరుపు చుక్క కూడా లేదు. ఎరుపు ఎందుకు తెచ్చానంటే ప్రకాశం బజార్‌లో ఆ రోజు అది చవగ్గా దొరికింది, అంతే.


పాలమూరు_ప్రింటు

చెల్లె, ప్రింటు సంగతి నేను చెబుతాను. మహబూబ్‌నగర్‌లో కప్పులు, టీషర్టులు, బ్యానర్లు ప్రింటు వేస్తాను, మెత్తలు కూడా వేస్తాను.

మీకు వేసింది సబ్లిమేషన్ అయి ఉంటుంది. ముందు కాగితం మీద ప్రింటు తీసి, దాన్ని బట్ట మీద పెట్టి సుమారు 200 డిగ్రీల వేడితో అదుముతాం. ఆ వేడికి రంగు ఆవిరై పాలిస్టర్ పోగులోకి దూరుతుంది. కాటన్‌లోకి దూరదు, పైన అంటుకున్నట్టు కనిపించి ఉతికితే పోతుంది. మీ బట్ట తప్పు కాదు, రంగు తప్పు కాదు, ఆ రెండింటి జోడీ తప్పు. తెల్ల కాటన్ తెచ్చినప్పుడే వాళ్లు చెప్పాల్సింది. కాటనే కావాలంటే పిగ్మెంట్ లేదా రియాక్టివ్ డిజిటల్ ప్రింటు వేసేవాళ్లను వెతకండి, ఖర్చు ఎక్కువ. లేదంటే నార బట్టలా గరుకుగా కనిపించే పాలిస్టర్ దొరుకుతుంది. సబ్లిమేషన్‌కు అది బాగుంటుంది, ఉతికినా పోదు. కానీ కాటన్ అని రాసి అమ్మొద్దు.

పాప ఫైలు ఎంత సైజులో చేస్తోంది? 16 అంగుళాల గలీబుకు నాలుగు వైపులా అర అంగుళం కుట్టులో పోతుంది కాబట్టి ఫైలు 17 అంగుళాలు ఉండాలి. అంగుళానికి 150 చుక్కలు పెడితే 2550 పిక్సెళ్లు, 300 పెడితే 5100. సోఫా మెత్తను దూరం నుంచి చూస్తారు, 150కి తగ్గకుండా ఉంటే నడుస్తుంది. సన్నని గీతలుంటే 300 పెట్టుకోండి. ఫైలును వాట్సాప్‌లో ఫొటోలా పంపితే అది కుదించేస్తుంది, డాక్యుమెంట్‌లా పంపమనండి. ఈ ఒక్క కారణంతో నా దగ్గరికి రోజూ ఎన్ని మసక బొమ్మలు వస్తాయో చెప్పలేను.

తంగేడు పసుపు ట్యాబ్‌లో వెలిగిపోతుంది, బట్ట మీద అంత వెలగదు. స్క్రీన్ వెలుగుతో రంగు చూపిస్తుంది, బట్టకు వెలుగు లేదు కదా. ఒక అర మీటరు బట్ట మీద ఇరవై రకాల పసుపు గళ్లు వేయించి, పక్కన నంబర్లు రాసి ఇంట్లో పెట్టుకోండి. తర్వాత స్క్రీన్‌ను నమ్మొద్దు, ఆ గుడ్డను నమ్మండి.

ఇప్పుడు తలకిందుల సంగతి. మెత్తను మనుషులు రెండు రకాలుగా తిప్పుతారు. పుస్తకం పేజీలా పక్కకు తిప్పేవాళ్లు, పెనం మీద రొట్టెలా పైనుంచి కిందికి తిప్పేవాళ్లు. జిప్పు కింద ఉంటే, పేజీలా తిప్పినప్పుడు కిందనే ఉంటుంది, వెనక బొమ్మ నిటారుగా కనిపించేలా మీరు కుట్టొచ్చు. మీ అత్తమ్మ లాంటివాళ్లు రొట్టెలా తిప్పితే జిప్పు పైకి వస్తుంది, బొమ్మ తలకిందులవుతుంది. దాన్ని మనం ఆపలేం. అందుకే నేను రెండు వైపులా పైన, కింద ఉన్న బొమ్మలు ఒప్పుకోను. ఒక వైపు చెట్టు, కొమ్మ, పువ్వు నిటారుగా ఉండనీ. రెండో వైపు ఎటు తిప్పినా ఒకటే అనిపించేది ఉండాలి. గునుగును వరసగా నిలబెట్టకుండా అన్ని దిక్కులకూ చల్లినట్టు వేయమనండి. పుట్టపాక తమ్ముడు తేలియా రుమాలు పేరెత్తాడు కదా, అది చూడండి. నలుచదరపు గుడ్డ, తలకు చుట్టుకున్నా భుజాన వేసుకున్నా ఇది పై వైపు అని వెతుక్కునే పని లేదు.

ఒకే పొడుగు ముక్క మీద రెండు వైపులూ ప్రింటు వేయించి మధ్యలో మడిచి కుడుతుంటే జాగ్రత్త. మడత కింది వైపుకు వస్తే, ఫైలులో వెనక బొమ్మను పూర్తిగా తలకిందులుగా పెట్టాలి, అప్పుడే మడిచాక నిటారుగా వస్తుంది. మడత పక్కకు వస్తే రెండూ నిటారుగానే పెట్టాలి. నమ్మకపోతే ఒక కాగితం మీద పెన్నుతో మనిషి బొమ్మలు గీసి మడిచి చూడండి. నేను ఒకసారి చూడకుండా 40 మెత్తలు వేశాను. పెళ్లి ఆర్డరు, ఒక వైపు పెళ్లికూతురు, ఇంకో వైపు పెళ్లికొడుకు. పెళ్లికొడుకు శీర్షాసనం. డబ్బులు వెనక్కి ఇచ్చాను.


మిర్యాలగూడ_మెత్తలు

నేను రెండేళ్లుగా గలీబులు అమ్ముతున్నాను అక్కా. డిజైన్ గురించి పెద్దవాళ్లు చెప్పారు, అమ్మకం గురించి నేను చెబుతాను. ఎక్కడ తప్పు చేస్తున్నారో తెలుసా? "రెండు డిజైన్లు" అని అమ్ముతున్నారు. కొనేవాళ్లకు రెండు డిజైన్లు ఎందుకు? వాళ్లకు ఒక మెత్త కావాలి. రెండో వైపుకు ఏదో ఒక పని ఉండాలి.

నాకు ఇది ఎలా తెలిసిందంటే, దేవరకొండ వైపు తండాల్లో లంబాడా ఆడవాళ్లు అద్దాలు పెట్టి కుట్టిన గుడ్డలు తెచ్చి గలీబులు చేశాను. చూడటానికి అద్భుతం. తల పెడితే చెంప మీద అద్దం అచ్చు పడుతుంది. మొదట్లో రెండు వైపులా అదే పని పెట్టాను, అమ్ముడుపోలేదు. తర్వాత వెనక మెత్తటి మల్‌మల్ వేసి, "పండుగ వైపు, పడక వైపు" అని పేరు పెట్టాను. చుట్టాలొస్తే అద్దాల వైపు, మధ్యాహ్నం కునుకు తీయాలంటే మల్‌మల్ వైపు. అప్పటి నుంచి వెనక బట్ట వేరేగా ఉందని ఒక్కరు కూడా అనలేదు. మీ చిటికి గలీబుకు కూడా ఇలాంటి పేరేదో దొరుకుతుంది, ఆలోచించండి.

ఫొటో: మొదటి ఫొటోలో ఒకే మెత్త ఉండాలి. ముందు వైపు కనపడేలా పెట్టి, నింపని ఉత్త గలీబు ఫొటో అయితే దాని మూల మడిచి వెనక బట్ట చూపించండి. రెండో ఫొటో పూర్తిగా వెనక వైపు. ఆ తర్వాత చేత్తో తిప్పుతున్న చిన్న వీడియో. పేరులోనే "1 గలీబు, రెండు వైపులా వేర్వేరు బట్ట" అని అంకె వేసి రాయండి. మాటలతో రాస్తే చదవరు, అంకె అయితే కళ్లకు తగులుతుంది.

దూది నింపి పంపుతున్నారా? మీరు రాయలేదు కానీ కూలి కూడా మిగలట్లేదంటే నాకు అనుమానం. కొరియరువాళ్లు బరువు ఒక్కటే చూడరు, పెట్టె సైజు కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి చాలామంది 5000తో భాగిస్తారు. నింపిన మెత్త 40, 40, 15 అనుకుంటే 4.8 కిలోల లెక్క. నిజంగా తూస్తే అర కిలో ఉంటుంది! గాలి తీసి అదిమి 5 సెంటీమీటర్లకు తెస్తే 1.6 కిలోలు. ఉత్త గలీబును మడిచి 30, 25, 3 కవరులో పెడితే 0.45. ఏది లాభమో మీకే తెలుసు. అందరి ఇంట్లోనూ పాత మెత్తలు ఉంటాయి, గలీబులే అమ్మండి. లోపల పెట్టే మెత్త 18 అంగుళాలది అయితేనే 16 గలీబు నిండుగా కనిపిస్తుందని మాత్రం రాయండి, లేకపోతే "ఫొటోలో ఉబ్బెత్తుగా ఉంది, మా ఇంట్లో చప్పగా ఉంది" అంటారు. మీ ఫొటోలకు కూడా అలాగే నింపండి, ఫైబర్ దూది చాలు. మా అమ్మమ్మ బూరుగు దూదితో నింపేది, దాని మీద పడుకుంటే వచ్చే నిద్ర వేరు. కానీ అది ఫొటోలో నిలబడదు, మూలల్లోకి పోదు.

మూలలు అంటే గుర్తొచ్చింది. చదరంగా కోసి చదరంగా కుడితే, నింపాక మధ్యలో ఉబ్బి మూలలు మేక చెవుల్లా పొడుచుకొస్తాయి. వైపు మధ్య నుంచి మూల దాకా మెల్లగా లోపలికి గీసుకుంటూ వచ్చి, మూల దగ్గర అర అంగుళం తగ్గించి కోయండి. నింపితే చదరంగా కనిపిస్తుంది. జాకెట్ కుట్టినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, అయినా చెబుతున్నా. జిప్పు కింది వైపే, పైపింగుకూ వెనక బట్టకూ మధ్య దాచండి. పైపింగు మూడో రంగు కాకుండా వెనక బట్టదే వేస్తే, ముందు వైపు చూస్తున్నప్పుడే వెనక ఏముందో సన్నగా తెలుస్తుంది. తెల్ల బట్ట వైపు లోపల ముదురు రంగు కుట్టు మిగులు నీడలా కనిపిస్తుంది, అస్తరు మానకండి.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. తంగేడు, గునుగు పూల వరకు సరే. పూర్తి బతుకమ్మను, గౌరమ్మను మెత్త మీద వేయకండి. కూర్చుంటారు, కాలు తగులుతుంది, పిల్లలు విసురుకుంటారు. నేను వేశాను, మా వాడకట్టు ఆడవాళ్లే వచ్చి అడిగారు. అన్నీ విప్పేశాను. సినిమా హీరోల బొమ్మలు, డైలాగులు కూడా వద్దు, అవి మన సొత్తు కావు.


లెక్కల_మాస్టర్ (సూర్యాపేట)

డిజైన్ మాటల్లో పన్ను మాట చేదుగా ఉంటుంది, రెండు ముక్కల్లో ముగిస్తాను. 2023 అక్టోబర్ 1 నుంచి చిన్న అమ్మకందారులు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకున్నా ఆన్‌లైన్ సైట్ల ద్వారా సొంత రాష్ట్రంలోపల అమ్ముకోవచ్చు, జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకోవాలి, టర్నోవరు మినహాయింపు పరిమితి దాటకూడదు. ఆ సైట్ల ద్వారానే బెంగళూరుకో ముంబైకో పంపాలంటే రిజిస్ట్రేషన్ కావాలి. పన్ను కోసం సరుకుకు వేసే కోడ్ (హెచ్‌ఎస్‌ఎన్) చూస్తే, ఉత్త గలీబు 6304 కిందికి వస్తుంది, నింపిన మెత్త 9404 కిందికి వస్తుంది. రెండూ ఒకే కోడ్‌తో పెట్టకండి. ప్యాకెట్ మీద ధర, కొలత, ఎన్ని ఉన్నాయి, తయారుచేసినవారి చిరునామా, నెల, సంవత్సరం, ఫిర్యాదుకు నంబరు ఉండాలి. "ఎన్ని" అన్నచోట 1 అని ఉంటే మీ మూడో ఫిర్యాదుకు కూడా అదే జవాబు.


గడియారం_సెంటర్_టైలర్ (నల్లగొండ)

మూడు వారాలైంది, ఏం జరిగిందో రాయకపోతే బాగుండదు.

ముందు 10 అంగుళాల పరీక్ష చేశాను. చిటికి ముక్క పడుగు వైపు తొమ్మిదిన్నరకు కొంచెం పైన, పేక వైపు దాదాపు పదే. ఎర్ర మిల్లు బట్ట దారం కూడా కదలలేదు. అంటే ఆ ఒక్క స్టార్ ఇచ్చిన తల్లిది నూటికి నూరుపాళ్లు న్యాయం. ఆమెకు కొత్త గలీబు కుట్టి పంపాను, రేటింగు మార్చమని అడగలేదు. తనే మూడు స్టార్లు చేసింది. నాలుగు చేస్తే ఏం పోయేదో!

నారాయణపేట గళ్ల బట్ట కోసం తిరిగాను. తానుగా దొరకలేదు, చిన్న మచ్చ ఉన్న చీర ఒకటి తక్కువలో దొరికింది. ఆవాల రంగు మీద సన్న గళ్లు. అది కూడా నానబెట్టి ఆరేశాను. మచ్చ తప్పించి కోస్తే వెనక ముక్కలు చాలానే వచ్చాయి, అంచును పైపింగుకు వాడాను. చీరను కోస్తుంటే చెయ్యి ఆడలేదు, నిజం చెప్పాలి. 14 ఏళ్లుగా చీరకు ఫాల్ కుట్టిన చెయ్యి ఇది.

పేరు కోసం ఇంట్లో పెద్ద చర్చ. అమ్మాయి ఏవేవో ఇంగ్లిష్ పేర్లు చెప్పింది. చివరికి మా ఆయన, టీవీ మీంచి కళ్లు తీయకుండా, "చుట్టాల వైపు, మన వైపు" అన్నాడు. అదే పెట్టాం. చిటికి వైపు చుట్టాలకు, గళ్ల వైపు మనకు. గళ్లు మాసినా కనపడదు, అది అసలు కారణం. ధర 449 చేశాను, జత 849. నింపినవి ఆపేశాను. అవును మిర్యాలగూడ అక్కా, మీ అనుమానం నిజమే, నింపే పంపాను. లెక్క వేసి చూస్తే మూడు మెత్తల మీద కొరియరుకే నా వారం కూలి పోయింది. కొత్త గలీబులు ఆరు పెట్టాను, నాలుగు పోయాయి. వెనక బట్ట వేరేగా ఉందని ఎవరూ అనలేదు. ఒకామె మాత్రం "మన వైపు బట్టతోనే రెండు వైపులా కుట్టిస్తారా" అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు, కుట్టి ఇచ్చాను.

తంగేడు సంగతి ఇంకా తేలలేదు. పసుపు గళ్ల గుడ్డ వేయించాం, అమ్మాయి 11వ నంబరు, నేను 14వ నంబరు. గునుగు మళ్లీ గీసింది, ఈసారి అన్ని దిక్కులకూ చల్లినట్టు. మొదటి సాంపిల్ వచ్చాక మా అత్తమ్మ చేతికి ఇచ్చి ఏమీ చెప్పకుండా చూశాం. రొట్టెలా తిప్పింది. ఇంకోసారి తిప్పింది. "ఈసారి గబ్బిలాలు లేవు" అంది.

బతుకమ్మ పండుగకు నెల ముందే పెట్టాలని ఉంది కానీ కాటన్ మీద ప్రింటు ధర చూసి ఆగాను. పుట్టపాక తమ్ముడూ, నీలం, ఆవాల రంగు చిటికి తుక్డాలు ఏమైనా ఉంటాయా మీ దిక్కు? 17 అంగుళాలు వస్తే చాలు.


పుట్టపాక_మగ్గం

ఉన్నాయి అక్కా. నీలం ఎక్కువ, ఆవాల రంగు తక్కువ. పక్కన పెట్టిస్తాను, ఆదివారం కాకుండా ఎప్పుడైనా రండి. వచ్చేటప్పుడు ఒక గలీబు తీసుకురండి, ఉతికినదే. మా నాన్న చూస్తానంటున్నాడు. చీరను కోశారని తిడతాడు, పట్టించుకోకండి, తర్వాత టీ తాగిస్తాడు.